రోజూ పోయే దారే కదా!

"రోజూ పోయే దారే కదా, కళ్లు మూసుకుని వెళ్లిపోతాను" అనే మాట మన ఇళ్లలో వినని వారుండరు. తెల్లవారుజామున కూరగాయల గంపలు బండికి కట్టుకుని అనకాపల్లి బయలుదేరే అన్న అంటాడు. పరవాడ వైపు కంపెనీలో డ్యూటీకి పోయే తమ్ముడు అంటాడు. పిల్లల్ని కాలేజీలో దింపి వచ్చే తండ్రి అంటాడు. మామూలు రోజుల్లో ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇరవై ఏళ్లుగా పోతున్న దారిలో మలుపెక్కడుందో, కల్వర్టు ఎక్కడుందో, ఏ ఊరి ముందు పశువులు అడ్డం వస్తాయో మన చేతులకూ కాళ్లకూ తెలిసిపోయి ఉంటుంది.

అయితే ఆ దారి మీద పని మొదలైన రోజున ఆ అలవాటే మనకు శత్రువవుతుంది. నిన్న సాయంత్రం తిన్నగా ఉన్న రోడ్డు ఈ వేళ తెల్లవారేసరికి ఎడమకు మళ్లి ఉంటుంది. నిన్న లేని గొయ్యి ఈ రోజు ఉంటుంది. నిన్న ఉన్న మార్జిన్ ఈ రోజు కంకర గుట్ట అయి ఉంటుంది. కళ్ల ముందున్నది కొత్త దారి, తలలో ఉన్నది పాత దారి. ఊరికి కొత్తవాడు భయపడి నెమ్మదిగా పోతాడు. ఊరివాడు ధైర్యంగా, వేగంగా పోతాడు. అందుచేత పని జరుగుతున్న రోడ్డు మీద ఆ ఊరివాడికే ఎక్కువ జాగ్రత్త కావాలి. ప్రియ చదువరులారా, ఈ నెల ఈ శీర్షికలో ఆ సంగతే మాట్లాడుకుందాం.

మన ఇళ్ల ముందున్న రహదారి

చెన్నై నుండి కోల్‌కతా పోయే పెద్ద రహదారి మన ప్రాంతం మీదుగానే పోతుంది. దాని నంబరు 16గా మారి ఎన్నో ఏళ్లయినా, మన పెద్దలు ఇంకా "ఐదో నంబరు రోడ్డు" అనే అంటారు. పాయకరావుపేట, నక్కపల్లి, ఎలమంచిలి, కశింకోట, అనకాపల్లి ప్రజలకు అది దూర ప్రయాణపు దారి మాత్రమే కాదు. పొలానికి పోవాలన్నా, బడికి పోవాలన్నా, బెల్లం మార్కెట్టుకు సరుకు వేయాలన్నా, ఆదివారం ఆరాధనకు పోవాలన్నా చాలామంది దాని మీదకు ఎక్కాలి, లేదా దానిని దాటాలి.

ఈ రోడ్డు మొదట రెండు వరుసలది. తరువాత నాలుగు వరుసలయింది. ఆ తరువాత అనకాపల్లి నుండి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం వరకు సుమారు 51 కిలోమీటర్ల దారిని ఆరు వరుసలకు విస్తరించారు. విశాఖపట్నం నగరంలోకి పోకుండానే లారీలు శ్రీకాకుళం వైపు సాగిపోవడానికి ఆ దారి ఉపయోగపడుతోంది. ఇలాంటి పని నెలలో, రెండు నెలల్లో అయ్యేది కాదు. సంవత్సరాలు పడుతుంది. అన్ని రోజులూ అదే దుమ్ములో, అవే డైవర్షన్లలో జనం రాకపోకలు సాగించాలి.

ఆ విస్తరణ పని జరుగుతున్న రోజుల్లోనే, 2021 జూలై 6వ తేదీ మంగళవారం, అనకాపల్లి దగ్గర కడుతున్న ఫ్లై ఓవర్ దూలాలు ఒక్కసారిగా కూలి కింద పోతున్న వాహనాల మీద పడ్డాయి. ఒక ట్యాంకరు, ఒక కారు వాటి కింద నలిగాయి. కారులో ఉన్న ఇద్దరు చనిపోయారు. కింద వాహనాలు తిరుగుతుండగానే పైన దూలాలు నిలబెట్టి ఉన్నాయి.

ఈ సంఘటనను ఇక్కడ జ్ఞాపకం చేయడం ఎవరి దుఃఖాన్నీ రేపడానికి కాదు. అది మనకు రెండు విషయాలు చెబుతోంది. మొదటిది, ఎంత జాగ్రత్తగా నడిపేవాడైనా మీద పడే దూలాన్ని ఆపలేడు. కనుక పని చేయించేవారి బాధ్యత చాలా పెద్దది, దానిని బండి నడిపేవాడి నెత్తిన వేయడం న్యాయం కాదు. రెండవది, పనిచోటు అన్నది మామూలు రోడ్డు కాదు. అక్కడ పైన ఒక ప్రమాదం, కింద ఒక ప్రమాదం, పక్కన ఒక ప్రమాదం ఉంటాయి. అక్కడ ఆగి ముచ్చట్లు చెప్పుకోవడం, వాన వచ్చిందని సగం కట్టిన వంతెన కింద నిలబడడం, క్రేను ఎలా ఎత్తుతుందో చూద్దామని పిల్లల్ని తీసుకుపోయి నిలబడడం మంచిది కాదు. దాటవలసిన చోటును నెమ్మదిగా, ఆగకుండా దాటిపోవాలి.

పనిచోటును చదవడం నేర్చుకుందాం

మన దేశంలో రోడ్లకు నియమాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, పని జరుగుతున్న రోడ్డును ఎలా ఏర్పాటు చేయాలో వివరంగా చెప్పింది. ఆ నియమాల ప్రకారం పనిచోటు నాలుగు భాగాలు. మొదటిది హెచ్చరిక భాగం. ముందు పని ఉందని బోర్డులు చెబుతాయి. ఎర్ర అంచు గల త్రికోణంలో పార పట్టిన మనిషి బొమ్మ ఉంటే అక్కడ మనుషులు పని చేస్తున్నారని అర్థం. రెండవది దారి ఇరుకయ్యే లేక మళ్లే భాగం. కోన్‌లు, డ్రమ్ములు, ఎరుపు తెలుపు చారల అడ్డుకర్రలు మనల్ని పక్కకు తీసుకుపోతాయి. మూడవది అసలు పని జరిగే భాగం. నాలుగవది మళ్లీ పాత వరుసలోకి కలిసే భాగం.

మనవారిలో చాలామంది తప్పు చేసేది రెండవ భాగంలోనూ నాలుగవ భాగంలోనూ. రెండు వరుసలు ఒకటయ్యే చోట "వాడికన్నా ముందు నేను దూరిపోవాలి" అనుకుని ఓవర్‌టేక్ చేస్తారు. లారీ పక్కన బండి, బండి పక్కన ఆటో, అందరూ ఒకే సందులోకి దూరతారు. అక్కడ ఆదా అయ్యేది అర నిమిషం. మొదటి బోర్డు కనబడగానే వేగం తగ్గించండి, ఏ వరుసలో పోవాలో చూసుకోండి, ఇండికేటరు వేసి ఆ వరుసలో చేరండి, ఆ తరువాత వరుస మారకండి. ఇంతే సూత్రం. చివర కూడా అంతే. పని అయిపోయినట్టు కనబడగానే యాక్సిలరేటరు తిప్పేస్తారు. అడ్డుకర్రలు దాటి, రోడ్డు పూర్తిగా పాత వెడల్పుకు వచ్చేవరకు ఓపిక పట్టండి.

బోర్డులు ఉన్నచోట సంగతి ఇది. మరి బోర్డే లేని పల్లె రోడ్డు సంగతేమిటి? అక్కడ గొయ్యిలో గుచ్చిన చెట్టు కొమ్మే బోర్డు. కర్రకు కట్టిన ఎర్ర గుడ్డే బోర్డు. రోడ్డు మీద వరసగా పెట్టిన రాళ్లే బోర్డు. దుమ్ము లేస్తూ ఉంటే, టిప్పరు నుండి రాలిన మట్టి కనబడితే, ఎదుటి బండ్లు ఉన్నట్టుండి ఒక పక్కకు జరిగి వస్తుంటే అవి కూడా హెచ్చరికలే. వాటిని చదవడానికి చదువు అక్కర్లేదు, నెమ్మది కావాలి.

నెమ్మది అంటే ఎంత?

"నేను నెమ్మదిగానే పోతున్నాను" అని అందరూ అంటారు. కొంచెం లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదుట గొయ్యి కనబడి, అది గొయ్యి అని మనసుకు తట్టి, చేయి బ్రేకు మీదకు పోయేసరికే ఆ సెకను గడిచిపోతుంది. ఆ తరువాత బ్రేకు పట్టి బండి ఆగాలి. మంచి పొడి తారు రోడ్డు మీద 40 వేగంలో ఉన్న బండి పూర్తిగా ఆగడానికి రమారమి 23 మీటర్లు పడుతుంది. 60లో 44 మీటర్లు, 80లో 70 మీటర్లు పడుతుంది. వేగం రెండింతలయితే ఆగే దూరం రెండింతలకు మించి, మూడింతలవుతోంది చూడండి.

ఇది పొడి రోడ్డు మాట. కంకర చల్లిన రోడ్డు మీద, కొత్తగా తారు చిమ్మిన చోట, వానకు బురదయిన గ్రావెల్ మీద టైరుకు పట్టు ఉండదు. అదే వేగానికి ఆ దూరం ఇంకా పెరుగుతుంది. అందుకే పనిచోట బోర్డు మీద 30 అనో 40 అనో రాసి ఉంటే, అది పోలీసువారికి జరిమానా వేయడానికి రాసిన అంకె అనుకోకండి. ముందున్న డ్రమ్ముకూ మనకూ మధ్య ఉన్న చోటును లెక్కకట్టి రాసిన అంకె అది. ముందు పోయే బండికి మామూలుగా ఎంత దూరం ఇస్తామో, పనిచోట దానికి రెట్టింపు ఇవ్వండి. దుమ్ములో ఆ బండి బ్రేకు లైటు మనకు ఆలస్యంగా కనబడుతుంది.

మోటారు సైకిలు వారికి

2022వ సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతోంది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోతున్నవారే. మన సంఘాల్లో ప్రతి కుటుంబంలోనూ ఇప్పుడు ఒక బండి ఉంది. కనుక ఈ నాలుగు మాటలు ప్రత్యేకంగా వారికి.

కొత్త పొర వేసిన రోడ్డుకూ పాత రోడ్డుకూ మధ్య అరచేయి ఎత్తు తేడా ఉంటుంది. ఆ గట్టు వెంబడి పోతూ ఏటవాలుగా పైకి ఎక్కించబోతే ముందు చక్రం గట్టుకు రాసుకుంటూ జారి పడిపోతారు. ఎక్కవలసి వస్తే వెనుక ఎవరూ లేరని చూసుకుని, వేగం బాగా తగ్గించి, వీలైనంత అడ్డంగా తిప్పి ఎక్కించండి. గట్టును చక్రం నిటారుగా తాకాలి.

కంకర మీద ముందు బ్రేకు గట్టిగా పట్టకండి, హ్యాండిలు ఒక్కసారిగా తిప్పకండి. కంకర రాకముందే గేరు తగ్గించి, రెండు బ్రేకులూ మెల్లగా వాడి, కంకర మీద తిన్నగా పోనివ్వండి.

నీళ్లు నిలిచిన చోట అడుగు ఎంత లోతో చూసేవారికి తెలియదు. అది అరచేయి లోతు గుంట కావచ్చు, నడుము లోతు కాలువ తవ్వకం కావచ్చు. ముందు ఒక బండి దాటేవరకు ఆగండి. లేదా దిగి నడిపించుకుపోండి. దిగి నడిపిస్తే పరువు పోదు.

వెనుక కూర్చునే అక్కచెల్లెళ్లకు కూడా ఒక మాట. ఒక పక్కకు కూర్చుని, ఒడిలో పిల్లను పట్టుకుని, ఇంకో చేతిలో సంచి పట్టుకుంటే గతుకులో పట్టుకోవడానికి చేయి ఉండదు. సంచిని ముందు కొక్కేనికి తగిలించండి. చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా ముడివేసుకోండి. పిల్లను ఇద్దరి మధ్య కూర్చోబెట్టండి. గతుకుల దారి వస్తే "బాబూ, కొంచెం మెల్లగా పోనీ" అని నోరు తెరిచి చెప్పండి. కొడుకైనా, మరిదైనా, అల్లుడైనా సరే చెప్పండి. మొహమాటానికి పోయి ప్రాణం మీదకు తెచ్చుకోకూడదు. వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ ఉండాలని, నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా ఉండాలని మన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. నడిపేవాడి తల ఎంత విలువైనదో వెనుక కూర్చున్న తల్లి తల కూడా అంతే విలువైనది.

ఇక రాంగ్ రూట్ సంగతి. పని కోసం మధ్యలో దారి మూసేసినప్పుడు, అర కిలోమీటరు ముందుకు పోయి తిరిగి రావడానికి బద్ధకించి ఎదురుగా వచ్చే వరుసలోనే పోయేవారు ఎక్కువ. "అంచున పోతున్నాను, నాకేం కాదు" అంటారు. మళ్లింపు దారిలో అంచు ఉండదు. ఎదురుగా వచ్చే లారీవాడు డ్రమ్ముల వంక చూస్తుంటాడు, మీ వంక కాదు. పెట్రోలు పది రూపాయలు ఎక్కువైనా సరే, తిరిగే రండి.

రాత్రివేళ, ట్రాక్టర్ల మీద

పగలు కనబడిన గొయ్యి రాత్రి కనబడదు. పైగా ఎదుటి లారీ లైటు కళ్లలో పడితే రెండు మూడు సెకన్లు ఏమీ కనబడదు. అప్పుడు ఆ లైటు వంక చూడకుండా రోడ్డు ఎడమ అంచు వంక చూస్తూ వేగం తగ్గించండి. మీరూ లైటు డిమ్ చేయండి. ఆడ్రమ్ముల మీద, అడ్డుకర్రల మీద అంటించే రేడియం స్టిక్కర్లు మన లైటు పడితేనే మెరుస్తాయి. బండి లైటు అద్దం మీద దుమ్ము పేరుకుని ఉంటే ఆ స్టిక్కరు ఉన్నా లేనట్టే. పనిచోటు గుండా రోజూ తిరిగేవారు ఇంటికి రాగానే గుడ్డ పెట్టి ముందు లైటు, వెనుక లైటు తుడవండి. డబ్బు ఖర్చు లేని జాగ్రత్త ఇది.

చెరకు గానుగలు ఆడే రోజుల్లో మన వైపు రోడ్ల మీద చెరకు ట్రాక్టర్లు, బెల్లం బండ్లు రాత్రంతా తిరుగుతాయి. ట్రాలీకి వెనుక లైటు ఉండదు, ఉన్నా చెరకు గడలు దానిని కప్పేస్తాయి. ట్రాక్టరు ఉన్న సహోదరులారా, ట్రాలీ వెనుక పలకకు రెండు చివరలా ఎర్ర రేడియం స్టిక్కర్లు అంటించండి. గడల చివర ఒక ఎర్ర గుడ్డ కట్టండి. ఎడ్లబండి వెనుక కూడా ఒక స్టిక్కరు కొట్టండి. ఇరుకయిన మళ్లింపు దారిలో టైరు పంక్చరయి ఆగిపోతే, బండి వెనుక నాలుగు రాళ్లు పెట్టి ఊరుకోకండి. చాలా దూరం వెనుకగా ఒక మనిషిని టార్చి లైటుతో నిలబెట్టండి. పని అయ్యాక ఆ రాళ్లు తీసి పారేయండి. టైరు మార్చుకుని బండివాడు వెళ్లిపోతాడు, రాయి మాత్రం తెల్లవార్లూ రోడ్డు మీదే ఉంటుంది.

ఇక్కడ సంఘ పెద్దలకు ఒక మనవి. క్రిస్మస్ కూటాలకూ, డిసెంబరు 31 రాత్రి ఆరాధనకూ, ఉజ్జీవ మహాసభలకూ మనవాళ్లు ట్రాక్టరు ట్రాలీల్లో, ఆటోల్లో కిక్కిరిసి పోతుంటారు. ట్రాలీ సరుకు వేసుకోవడానికి చేసినది, మనుషులు కూర్చోవడానికి కాదు. అది ఒక పక్కకు ఒరిగితే పట్టుకునేందుకు ఏమీ ఉండదు. ఆటోలో డ్రైవరుకు అటొకరు ఇటొకరు కూర్చుంటే అతని మోచేయి తిరగదు. గొయ్యి తప్పించాలంటే హ్యాండిలు తిరగాలి కదా! దారిలో రోడ్డు పని ఉందని తెలిస్తే ముందుగానే ప్రకటన సమయంలో చెప్పండి. "ఫలానా ఊరి దగ్గర రోడ్డు తవ్వేశారు, చీకటి పడకముందే బయలుదేరండి, లేదా తెల్లవారాక పోండి" అని ఒక్క మాట చెబితే చాలు. కూటం కొంచెం ముందుగా ముగించినా తప్పు లేదు.

ఎర్ర జెండా పట్టిన మనిషి

పనిచోట ఒక మనిషి ఎండలో నిలబడి ఒక చేత ఎర్ర జెండా, ఒక చేత పచ్చ జెండా పట్టుకుని ఉంటాడు. తలకు తువాలు, ఒంటి మీద మెరిసే చొక్కా. తరచుగా అతడు ఒడిశా నుండో, బీహారు నుండో, మన శ్రీకాకుళం నుండో వలస వచ్చిన కూలీ. తెలుగు వచ్చి ఉండకపోవచ్చు. మనం పెద్ద బండిలో పోతూ అతణ్ణి "ఏయ్, పక్కకు జరుగు" అంటాం. ఆ జెండాకు అవతల ఎదురు వరుస నుండి ఏమి వస్తోందో అతనికి కనబడుతుంది, మనకు కనబడదు. అతను ఆపితే ఆగడం మన మేలు కోసమే.

2023 ఆగస్టు 1వ తేదీ వేకువజామున మహారాష్ట్రలో ఠాణే జిల్లా షాపూర్ దగ్గర, సమృద్ధి ఎక్స్‌ప్రెస్ వే వంతెన పనిలో పెద్ద క్రేను యంత్రం కూలిపోయి 20 మంది చనిపోయారు. మనం రేపు హాయిగా పోబోయే దారుల్లో ఇలాంటి ప్రాణాలు కలిసి ఉన్నాయి. వారి పక్క నుండి పోయేటప్పుడు మన బండి వేగం ఎంత అన్నది, వారిని మనుషులుగా చూస్తున్నామా లేదా అన్నదానికి జవాబు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పనిచోట వేగం మీరితే జరిమానా రెట్టింపు చేస్తారు. ప్రతి సంవత్సరం ఏప్రిల్ నెలలో ఒక వారం ప్రత్యేకంగా దీని గురించి ప్రజలకు చెబుతారు. అక్కడి లెక్కల్లో ఒక విషయం గమనించదగినది. పనిచోట ప్రమాదాల్లో చనిపోయేవారిలో ఎక్కువమంది పనివారు కారు, బండ్లలో పోయేవారే. పనివాడి కోసం వేగం తగ్గించినవాడు తన ఇంటివారినే కాపాడుకుంటున్నాడన్నమాట.

గొయ్యి తవ్వినవాడు ఎవరు?

ఇంతవరకు బండి నడిపేవారి గురించి చెప్పుకున్నాం. కాని ఈ సంగతి వేరొక వైపు నుండి కూడా చూడాలి. నిర్గమకాండము 21వ అధ్యాయం 33, 34 వచనాలు తీసి చదవండి. ఒకడు గొయ్యి తవ్వి, దానిని కప్పకుండా వదిలేస్తే, అందులో పొరుగువాని ఎద్దో గాడిదో పడితే, ఆ నష్టం గొయ్యి తవ్వినవాడే పెట్టుకోవాలి. పశువు కళ్లు తెరుచుకుని నడవాల్సింది కదా అని అక్కడ లేదు. అలాగే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో కొత్త ఇల్లు కట్టేవాడు మేడ చుట్టూ పిట్టగోడ కట్టాలనే ఆజ్ఞ ఉంది. పడిపోయేవాడు ఎవరో తెలియక ముందే వాని కోసం ఆలోచించమని దాని భావం.

మన దేశపు చట్టం కూడా ఇప్పుడు ఇదే మాట చెబుతోంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఏ అనే సెక్షను చేర్చారు. రోడ్డు నిర్మాణంలోగాని నిర్వహణలోగాని నిర్ణయించిన భద్రతా ప్రమాణాలు పాటించనందువలన ఎవరైనా చనిపోతే లేక వికలాంగులైతే, ఆ బాధ్యత గల అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ప్రాణానికి లక్ష రూపాయలు వెల కాదు. అయినా గొయ్యి తవ్వినవాడు జవాబుదారి అన్న మాట చట్టంలోకి రావడం మేలే.

కనుక మీ ఊరి దగ్గర తవ్వి వదిలేసిన చోట రాత్రి లైటు లేకపోతే "మనకెందుకులే" అని ఊరుకోకండి. జాతీయ రహదారి అయితే 1033 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు. పనిచోట బోర్డు మీద కాంట్రాక్టు సంస్థ పేరు, ఫోను నంబరు ఉంటే వారికి చెప్పండి. పల్లె రోడ్డు అయితే పంచాయతీ కార్యదర్శికి, సర్పంచి గారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. పదిమంది యౌవనస్థులు కలిసి వెళ్లి అడిగితే పని త్వరగా అవుతుంది.

అయితే వేలు ఎదుటివారి మీద చూపేముందు మన వాకిలి కూడా చూసుకోవాలి. కొత్త ఇల్లు కట్టుకునేటప్పుడు ఇసుక, కంకర రోడ్డు మీదే పోస్తాం. నెలల తరబడి అక్కడే ఉంటుంది. కుళాయి గొట్టం కోసం సిమెంటు రోడ్డును అడ్డంగా కోసి, మట్టి కప్పి వదిలేస్తాం. వానకు ఆ మట్టి దిగిపోయి గుంట అవుతుంది. ధాన్యం రోడ్డు మీద ఆరబోసి, బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పెడతాం. మందిరం కట్టడానికి వచ్చిన కంకర కూడా చాలా ఊళ్లలో రోడ్డు మీదే ఉంటుంది. దేవుని మందిరానికి తెచ్చిన రాళ్లే ఒక కుటుంబానికి అడ్డుబండ అయితే మనం ఏమి జవాబు చెప్పగలం? రోడ్డు మీద పోయక తప్పకపోతే ఒక పక్కకు కుప్పగా పోయించి, రెండు చివరలా రేడియం స్టిక్కరు అంటించిన డబ్బాలు పెట్టి, రాత్రి ఒక బల్బు వెలిగించండి. వీలైనంత త్వరగా ఎత్తించేయండి. కోసిన రోడ్డును సిమెంటుతోనే పూడ్చండి. ఆ ఖర్చు ఇల్లు కట్టే ఖర్చులో భాగమే.

జరగరానిది జరిగితే

ఎంత జాగ్రత్తపడినా ప్రమాదం జరగవచ్చు. అప్పుడు మొదట వెనుక వచ్చే బండ్లను ఆపండి. ఇరుకయిన దారిలో ఒక ప్రమాదం వెనుకే రెండో ప్రమాదం జరుగుతుంది. 108కి ఫోను చేయండి. అంబులెన్సుకు దారి చెప్పడం పనిచోట కష్టం. కాబట్టి ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్యనో, ఏ వైపు పోయే వరుసలోనో, పక్కన ఉన్న కిలోమీటరు రాయి మీద అంకె ఎంతో చెప్పండి. మళ్లింపు దారి మొదట్లో ఒకరిని నిలబెట్టి అంబులెన్సును తీసుకురమ్మనండి. పోలీసు సహాయానికి 112. దెబ్బ తగిలినవారిని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో వంచి కూర్చోబెట్టకండి. మెడ, వెన్ను కదలకుండా ఉంచండి. రక్తం పోతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి.

"సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటాం" అనే భయం మన పల్లెల్లో ఇంకా ఉంది. 2019 సవరణలోనే 134ఏ అనే సెక్షను కూడా చేర్చారు. మంచి మనసుతో గాయపడినవారికి సాయం చేసినవారిని కేసులో బాధ్యులను చేయకూడదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. కనుక యెరికో దారిలో గాయపడినవాని దగ్గర ఆగిన సమరయుని వలె ఆగడానికి ఇప్పుడు చట్టపు భయం కూడా అడ్డు లేదు.

ఈ నెలలో మీ ఇంట ఒక పని చేయండి. రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక, బండి నడిపేవారందరూ తాము రోజూ పోయే దారిలో ఎక్కడెక్కడ తవ్వారో, ఎక్కడ కంకర పోశారో, ఎక్కడ దీపం లేదో ఒకరికొకరు చెప్పుకోండి. చివరిగా పోయి వచ్చినవాడు చెప్పేది రేపు ముందుగా పోయేవాడికి ఉపయోగపడుతుంది. పిల్లలు కూడా చెప్పవచ్చు. బడి బస్సు కిటికీలోంచి వారు చూసేది మనం చూడం. ఐదు నిమిషాల మాట అది. రేపు ఉదయం తాళం చెవి చేతిలోకి తీసుకున్నప్పుడు, రోజూ పోయే దారే అయినా, ఈ రోజు మొదటిసారి పోతున్నట్టు పోదాం.